అవయవ మార్పిడి తర్వాత వైరస్‌ల వల్ల వచ్చే క్యాన్సర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

దాత ఇచ్చిన అవయవంతో పాటు క్యాన్సర్ కూడా వస్తుందా?

రావచ్చు, కానీ చాలా అరుదు. పైగా ఈ ప్రశ్నలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. దాత శరీరంలో ఎవరి కంటా పడని కణితి తాలూకు కణాలు అవయవంలోనే దాగి ఉండి, గ్రహీత ఒంట్లో పెరగడం మొదటిది. దాత నుంచి క్యాన్సర్ కాకుండా ఒక వైరస్ మాత్రమే వచ్చి, కొన్ని నెలలకో కొన్నేళ్లకో అది గ్రహీతలో క్యాన్సర్‌కు దారి తీయడం రెండోది. బ్రిటన్‌లో 2001 నుంచి 2010 వరకు 14,986 మంది దాతల నుంచి జరిగిన 30,765 మార్పిడులను పరిశీలిస్తే, దాత కణాల నుంచి పుట్టిన క్యాన్సర్ 18 మంది గ్రహీతల్లో తేలింది. అంటే పది వేల మార్పిడులకు దాదాపు ఆరు. ఆ 18 మందిలో 15 మందికి క్యాన్సర్ మార్పిడి నాటికే అవయవంలో ఉంది.

ఈ పేజీ రెండో సంగతి గురించి. వైరస్ దాతది, క్యాన్సర్‌గా మారే కణం గ్రహీతది అయిన సందర్భాలు పై లెక్కలోకి రావు. నిజానికి వైద్యులు రోజువారీగా కాపు కాసేది వాటి కోసమే.

వైరస్ వల్ల క్యాన్సర్ ఎలా వస్తుంది?

మనుషుల్లో క్యాన్సర్‌ను కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో నిర్ధారించిన వైరస్‌లలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ (ఈబీవీ), హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌హెచ్‌వీ-8, హెచ్‌టీఎల్‌వీ-1, హ్యూమన్ పాపిల్లోమా వైరస్, హెచ్‌ఐవీ-1 ఉన్నాయి. వీటిలో చాలావరకు ఒకసారి ఒంట్లో చేరితే జీవితాంతం చాప కింద నీరులా ఉండిపోతాయి. కొన్ని తాము చేరిన కణానికి ‘విభజన చెందుతూనే ఉండు, చావకు’ అనే సంకేతాన్ని అందిస్తాయి. ఈబీవీ తయారుచేసే ఒక ప్రొటీన్ బి-కణంపై (యాంటీబాడీలు తయారుచేసే ఒక రకం తెల్ల రక్తకణంపై) నిత్యం నొక్కి ఉంచిన స్విచ్‌లా పనిచేస్తుంది. హెపటైటిస్ వైరస్‌ల దారి వేరు. ఏళ్ల తరబడి కాలేయాన్ని వాపుకు గురిచేసి, కణాలు చస్తూ పుడుతూ ఉండే ఆ గందరగోళంలో తప్పులు పేరుకునేలా చేస్తాయి.

ఆరోగ్యవంతుల్లో ఇలా దారి తప్పిన కణాలను టి-కణాలనే మరో రకం తెల్ల రక్తకణాలు ఎప్పటికప్పుడు ఏరివేస్తుంటాయి. అవయవ మార్పిడి చేయించుకున్నవారు వేసుకునే టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ వంటి మందులు అణిచేది సరిగ్గా ఈ టి-కణాలనే. కొత్త అవయవాన్ని పరాయిదిగా గుర్తించి దాడి చేసేవీ అవే, వైరస్ ఉన్న కణాన్ని గుర్తించి చంపేవీ అవే కాబట్టి, ఒకదాన్ని ఆపి రెండోదాన్ని ఉంచడం ఇప్పటి మందులతో సాధ్యం కాదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

దాత ఆరోగ్యంగానే ఉన్నారని చెప్పారు. మరి వైరస్ ఎక్కడి నుంచి వచ్చింది?

దాత అబద్ధం చెప్పలేదు, ఆసుపత్రీ దాచలేదు. ఈ వైరస్‌లు మోసేవారిలో అత్యధికులకు తమలో అవి ఉన్న సంగతే తెలియదు. అవయవాన్ని ఎంత శుభ్రంగా కడిగి చల్లని ద్రావణంలో ఉంచినా, దాత తెల్ల రక్తకణాలు దాని కణజాలంలో, సన్నని రక్తనాళాల్లో మిగిలే ఉంటాయి. ఈబీవీ నివాసం ఆ కణాల్లోని బి-కణాలే. కిడ్నీ అయితే బీకే వైరస్‌కు, కాలేయం అయితే హెపటైటిస్ బి వైరస్‌కు ఆ అవయవమే సొంతిల్లు.

ఈబీవీ దాదాపు అందరిలోనూ ఉంటుందట కదా, అలాంటప్పుడు భయమెందుకు?

ప్రపంచంలో పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా ఈ వైరస్ సోకినవారే. 1964లో ఆంథోనీ ఎప్‌స్టీన్, బెర్ట్ అచాంగ్, ఇవాన్ బార్ దీన్ని బర్కిట్ లింఫోమా అనే క్యాన్సర్ కణాల్లో కనుగొన్నారు. ఆ పుట్టుక వల్ల దానికి చెడ్డపేరు వచ్చినా, చాలామందిని అది చిన్నతనంలో మామూలు జ్వరంలా పలకరించి ఊరుకుంటుంది.

అసలు ప్రశ్న వైరస్ ఉందా లేదా అన్నది కాదు, అది మొదటిసారి ఎప్పుడు ఎదురైంది అన్నది. మార్పిడికి ముందే ఈబీవీ సోకిన గ్రహీత శరీరంలో దాన్ని గుర్తుపట్టే టి-కణాలు సిద్ధంగా ఉంటాయి. మందులు వాటి బలాన్ని తగ్గిస్తాయే తప్ప వాటి జ్ఞాపకాన్ని పూర్తిగా చెరిపేయవు. అసలెప్పుడూ వైరస్ సోకని గ్రహీతకు, వైరస్ ఉన్న దాత అవయవం అమర్చినప్పుడు మాత్రం పరిస్థితి తలకిందులవుతుంది. శరీరం ఆ వైరస్‌ను తొలిసారి చూసేది రోగనిరోధక శక్తి అత్యంత బలహీనంగా ఉన్న మొదటి వారాల్లోనే. అప్పుడు బి-కణాలు అడ్డూ ఆపూ లేకుండా పెరిగి, పీటీఎల్‌డీ అని పిలిచే జబ్బుకు దారి తీయవచ్చు. మార్పిడి తర్వాత లింఫ్ కణాలు (బి-కణాలు, టి-కణాల వంటివి) అదుపు తప్పి పెరిగే జబ్బులన్నింటికీ ఇది ఉమ్మడి పేరు. సాధారణ వాపు నుంచి లింఫ్ కణాల క్యాన్సర్ అయిన పూర్తి స్థాయి లింఫోమా వరకు ఇందులో మెట్లున్నాయి.

ఈ తేడా వల్లే పిల్లలకు ప్రమాదం ఎక్కువ. రెండేళ్ల పిల్లకు పెద్దవారి కాలేయంలో ఒక భాగం అమర్చితే, ఆ పిల్లకు అప్పటికి ఈబీవీ సోకి ఉండకపోవడానికి, దాతకు సోకి ఉండడానికి అవకాశం చాలా ఎక్కువ. అవయవాన్ని బట్టి కూడా ముప్పు మారుతుంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్న పెద్దవారిలో ఇది 100 మందిలో 1 నుంచి 3 మందికి వస్తే, లింఫ్ కణజాలం నిండుగా ఉండే పేగు మార్పిడిలో 20 మంది దాకా రావచ్చు. గుండె, ఊపిరితిత్తులు ఈ రెంటికీ నడుమ ఉంటాయి. ఈబీవీతో ముడిపడిన పీటీఎల్‌డీ ఎక్కువగా మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది. చాలా ఏళ్ల తర్వాత వచ్చేవాటిలో వైరస్ కనిపించనివి ఎక్కువ.

దాతకు వైరస్ ఉండి గ్రహీతకు లేని ఈ జతకుదరని పరిస్థితిని నియంత్రణ సంస్థలు ఎంత తీవ్రంగా తీసుకుంటాయో ఒక ఉదాహరణ చాలు. కిడ్నీ గ్రహీతల కోసం 2011లో అమెరికాలో అనుమతి పొందిన బెలటాసెప్ట్ అనే మందును ఈబీవీ సోకనివారికి, సోకిందో లేదో తెలియనివారికి ఇవ్వరాదని దాని అధికారిక సమాచార పత్రంలోనే ప్రత్యేక హెచ్చరిక ఉంటుంది.

పీటీఎల్‌డీలో పెరిగే కణాలు దాతవా, గ్రహీతవా?

కిడ్నీ, గుండె, కాలేయం వంటి అవయవాల విషయంలో చాలావరకు గ్రహీతవే. వైరస్ మాత్రమే అతిథి. దాత కణాల నుంచి పుట్టినవి తక్కువ, అవి తరచుగా అమర్చిన అవయవంలోనే లేదా దాని పరిసరాల్లోనే కనిపిస్తాయి. ఎముక మజ్జ మార్పిడిలో కథ మారుతుంది. అక్కడ రక్తకణాల వ్యవస్థే దాతది కాబట్టి జబ్బు కణాలు కూడా సాధారణంగా దాతవే అవుతాయి. బయాప్సీ ముక్కలోని డీఎన్‌ఏను ఇద్దరి డీఎన్‌ఏతో పోల్చి ఈ సంగతి తేలుస్తారు.

ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి?

మెడలోనో చంకలోనో గజ్జల్లోనో బిళ్ళలు కట్టి రెండు వారాలైనా తగ్గకపోవడం, కారణం తెలియని జ్వరం, రాత్రి పక్క తడిసేంత చెమటలు, బరువు తగ్గడం, ఆగని విరేచనాలు, మలంలో రక్తం, చర్మం మీద ఊదా రంగు మచ్చలు. పిల్లల్లో మరొకటి ఉంది, దాన్ని తల్లిదండ్రులు జలుబని కొట్టిపారేస్తుంటారు: ఎప్పుడూ లేనిది నిద్రలో గురక పెట్టడం, నోటితో ఊపిరి తీయడం. టాన్సిల్స్‌లో, ముక్కు వెనక ఉండే అడినాయిడ్‌లో బి-కణాలు గుంపులుగా పెరగడం దానికి కారణం కావచ్చు.

ఇంకో చిక్కు డాక్టర్లకే ఎదురవుతుంది. అమర్చిన అవయవంలోనే జబ్బు మొదలైతే రక్తపరీక్షల్లో కనిపించేది అవయవం పనితీరు తగ్గడమే. కిడ్నీ అయితే క్రియాటినిన్ పెరుగుతుంది, కాలేయం అయితే ఎంజైములు పెరుగుతాయి. శరీరం కొత్త అవయవంపై దాడి చేసే తిరస్కరణలో కనిపించేదీ అచ్చం ఇదే. బయాప్సీలో కూడా రెండింటిలోనూ అవయవం నిండా లింఫ్ కణాలు చొరబడి ఉంటాయి. తిరస్కరణ అనుకుని స్టెరాయిడ్ మోతాదు పెంచితే అగ్నికి ఆజ్యం పోసినట్టే. అందుకే అనుభవమున్న పాథాలజిస్టు ఆ ముక్కకు ఈబీవీ జన్యుపదార్థాన్ని పట్టిచూపే ప్రత్యేక రంజనం వేసి, కణాల కేంద్రకాలు ఆ రంగుతో నల్లగానో నీలంగానో మెరుస్తున్నాయేమో చూసిన తర్వాతే అభిప్రాయం రాస్తారు. ‘బయాప్సీ మళ్లీ ఎందుకు’ అని విసుగు కలగడం సహజమే, కానీ ఈ ఒక్క సందర్భంలో ఆ రెండో సూది వద్దనకండి.

కపోసీ సార్కోమా కూడా దాత నుంచి వస్తుందా?

చర్మం మీద ఊదా రంగు మచ్చలుగా కనిపించే ఈ క్యాన్సర్‌కు కారణమైన హెచ్‌హెచ్‌వీ-8 వైరస్‌ను 1994లో యువాన్ చాంగ్, ప్యాట్రిక్ మూర్ కనుగొన్నారు. ఆఫ్రికాలోని సహారా దక్షిణ ప్రాంతంలో, మధ్యధరా తీర దేశాల్లో ఇది ఎక్కువగా ఉంటుంది. దాత కిడ్నీ ద్వారా గ్రహీతకు ఈ వైరస్ చేరుతుందని 1998లో రుజువైంది. చాలామందిలో జబ్బు వచ్చేది గ్రహీతలో ముందే ఉన్న వైరస్ మేల్కోవడం వల్లనే అయినా, దాత నుంచి వచ్చిన వైరస్ కొన్నిసార్లు మరింత తీవ్రంగా ప్రవర్తిస్తుంది. కపోసీ మచ్చలు లేకుండానే ఎముక మజ్జను దెబ్బతీసి, విపరీతమైన జ్వరంతో రక్తకణాలు పడిపోయేలా చేయవచ్చు.

ఈ వైరస్ విషయంలో 2003లో వెలువడిన ఒక ఇటలీ పరిశోధన నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. పురుష దాత కిడ్నీ పొందిన స్త్రీ కాలి మీద ఊదా రంగు మచ్చ ఒకటి లేచిందనుకోండి. దాని నుంచి తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, వై-క్రోమోజోమ్‌కు అతుక్కునే మెరుపు రంగు వేస్తారు. స్త్రీ చర్మంలో ఆ చుక్క కనిపించడానికి వీల్లేదు. కానీ కొందరి కణితి కణాల్లో అది స్పష్టంగా కనిపించింది. వైరస్ ఒక్కటే కాదు, దాత తాలూకు వైరస్ సోకిన మూలకణాలే కిడ్నీతో వచ్చి, రక్తంలో తిరిగి, ఎక్కడో కాలి చర్మంలో కణితిగా వేళ్లూనుకున్నాయన్నమాట. మొదటి ప్రశ్నలో గీసిన గీత, ‘క్యాన్సర్ వచ్చిందా, వైరస్ వచ్చిందా’ అన్నది, ఇక్కడ చెరిగిపోతుంది.

ఊరటనిచ్చే విషయం చికిత్స. 2005లో ప్రచురితమైన మరో ఇటలీ అధ్యయనంలో కపోసీ సార్కోమా వచ్చిన 15 మంది కిడ్నీ గ్రహీతలకు రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ ఆపి, దాని బదులు సిరోలిమస్ ఇస్తే, మూడు నెలల్లో అందరి చర్మపు మచ్చలూ మాయమయ్యాయి. సిరోలిమస్ అవయవాన్ని కాపాడుతూనే కణితికి కావలసిన రక్తనాళాల పెరుగుదలను అడ్డుకునే మందు కావడం వల్ల రెండు పనులూ ఒకేసారి జరిగాయి.

హెపటైటిస్ బి, సి ఉన్న దాతల అవయవాలు వాడుతున్నారని విన్నాం. అది సురక్షితమేనా?

తెలిసి, సిద్ధపడి వాడితే ఈ రెండూ ఇవాళ అదుపులో ఉంచగలిగిన ప్రమాదాలే. హెపటైటిస్ బి ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన దాత రక్తంలో వైరస్ కనిపించకపోయినా, దాని డీఎన్‌ఏ కాలేయ కణాల కేంద్రకాల్లో ముడుచుకుని ఉంటుంది. కోర్ యాంటీబాడీ అనే పరీక్ష ఆ పాత జాడను పట్టిస్తుంది. అటువంటి కాలేయాన్ని రక్షణ లేని గ్రహీతకు మందులు లేకుండా అమర్చితే దాదాపు సగం మందిలో జబ్బు మళ్లీ తలెత్తుతుంది; ఎంటెకవిర్ వంటి మందు క్రమం తప్పకుండా వేసుకుంటే ఆ ముప్పు బాగా తగ్గిపోతుంది. ఆ మందు సొంతంగా మానేయడమే ఇక్కడ అసలైన ప్రమాదం. కిడ్నీ, గుండె విషయంలో ముప్పు కాలేయంతో పోలిస్తే చాలా తక్కువ.

హెపటైటిస్ సి కథను 2013 తర్వాత వచ్చిన కొత్త మందులు పూర్తిగా మార్చేశాయి. 8 నుంచి 12 వారాల మాత్రలతో 95 శాతానికి పైగా రోగుల్లో వైరస్ శాశ్వతంగా పోతోంది కాబట్టి, ఒకప్పుడు పారేసిన అవయవాలను ఇప్పుడు గ్రహీత అంగీకారంతో అమర్చి, వెంటనే చికిత్స మొదలుపెడుతున్నారు. కాలేయ క్యాన్సర్ రావడానికి దశాబ్దాల వాపు కావాలి, వైరస్‌కు ఆ వ్యవధే దొరకదు.

హెచ్‌టీఎల్‌వీ-1 సంగతి ఏమిటి?

1980లో వెల్లడైన ఈ వైరస్ నైరుతి జపాన్, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికాలోని కొన్ని ప్రాంతాలు, మధ్య ఆస్ట్రేలియాలో ఎక్కువ. తల్లిపాల ద్వారా పసితనంలో సోకినవారిలో కొద్ది శాతం మందికి దశాబ్దాల తర్వాత తీవ్రమైన టి-కణ ల్యుకేమియా వస్తుంది. మార్పిడి ద్వారా సోకినప్పుడు క్యాన్సర్ కంటే ముందు కనిపించేది వెన్నుపాము దెబ్బతిని కాళ్లు బిగుసుకుపోయే జబ్బు. స్పెయిన్‌లో ఒకే దాత నుంచి అవయవాలు పొందిన ముగ్గురికీ రెండేళ్లలోపే అది వచ్చింది.

అయినా అమెరికాలో దాతలందరికీ ఈ పరీక్ష తప్పనిసరి అన్న నిబంధనను 2009లో ఎత్తేశారు. వైరస్ అరుదుగా ఉన్నచోట పాజిటివ్ అని వచ్చిన ఫలితాల్లో చాలావరకు తప్పుడువే కావడంతో మంచి అవయవాలు వృథా అయ్యేవి. జపాన్‌లో ఆ వాదన చెల్లదు. పరీక్ష చేయాలా వద్దా అన్నది వైరస్ స్వభావం కంటే దాత పుట్టి పెరిగిన చోటును బట్టి తేలే విషయం.

బీకే వైరస్ కిడ్నీని పాడుచేస్తుందని తెలుసు. క్యాన్సర్ కూడా తెస్తుందా?

ఈ వైరస్‌కు 1971లో అది ఎవరి ఒంట్లో తొలిసారి బయటపడిందో ఆ కిడ్నీ గ్రహీత పేరులోని పొడి అక్షరాలే పేరయ్యాయి. ఎక్కువమందిలో చిన్నతనం నుంచీ మూత్రనాళాల్లో నిద్రపోతూ ఉంటుంది, తరచుగా దాత కిడ్నీతోనే వస్తుంది. క్యాన్సర్ కలిగించే ‘అవకాశం ఉన్న’ వాటి జాబితాలో దీన్ని చేర్చారు, ‘నిర్ధారణ అయిన’ వాటిలో కాదు. అయితే మూత్రాశయంలో, కిడ్నీలో వచ్చిన కొన్ని కణితుల్లో ఈ వైరస్ డీఎన్‌ఏ కణం డీఎన్‌ఏలోనే కలిసిపోయి కనిపించింది, వాటిలో కొన్ని దాత కణాల నుంచి పుట్టినవి. బీకే ఎక్కువకాలం రక్తంలో ఉండిపోయినవారు మూత్రంలో రక్తం కనిపిస్తే తేలిగ్గా తీసుకోకూడదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, చర్మ క్యాన్సర్ కూడా దాత నుంచి వచ్చినవేనా?

సాధారణంగా కాదు. వాటి వెనుక ఉండే పాపిల్లోమా వైరస్‌లు చర్మంలో, పలుచని పొరల్లో ఉండేవి, గ్రహీత సొంతవి. మందుల వల్ల వాటికి అదుపు తప్పుతుంది.

పరీక్షలన్నీ ముందే చేస్తారు కదా, వైరస్ ఎలా తప్పించుకుంటుంది?

సమయం ప్రధాన కారణం. మరణించిన దాత గుండెను నాలుగైదు గంటల్లో, కాలేయాన్ని సుమారు 12 గంటల్లో అమర్చాలి. కిడ్నీ ఒక రోజు పైచిలుకు ఆగగలదు. ఆ వ్యవధిలో ఫలితం వచ్చే పరీక్షలే చేయగలరు. వైరస్ సోకిన తొలి రోజుల్లో ఏ పరీక్షకూ దొరకని ఖాళీ ఒకటి ఉంటుంది. వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే నాట్ పరీక్షతో ఆ ఖాళీ హెపటైటిస్ సికి వారం లోపుకు, హెచ్‌ఐవీకి పది రోజుల లోపుకు, హెపటైటిస్ బికి సుమారు మూడు వారాలకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

ఈబీవీ విషయంలో యాంటీబాడీ పరీక్షలే పక్కదారి పట్టిస్తాయి. ప్రమాదంలో గాయపడి పెద్ద మొత్తంలో రక్తం, సెలైన్ ఎక్కించిన దాతలో సొంత యాంటీబాడీలు పలచబడి, పాజిటివ్ కావలసింది నెగటివ్‌గా రావచ్చు. ఏడాది నిండని పాపలో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఉండి, వైరస్ ఎప్పుడూ సోకకపోయినా సోకినట్టే కనిపించవచ్చు. అందువల్ల పిల్లల విషయంలో చాలా కేంద్రాలు ఆ ఫలితాన్ని నమ్మకుండా, ‘సోకలేదు’ అనే లెక్కతోనే జాగ్రత్తలు తీసుకుంటాయి. నా ఉద్దేశంలో ఇది సరైన పద్ధతి.

ఈబీవీ ఉన్న దాత అవయవం వద్దని చెప్పవచ్చా?

చెప్పే హక్కు గ్రహీతకు ఎప్పుడూ ఉంటుంది. కానీ పెద్దవాళ్లలో పది మందికి తొమ్మిది మందిలో ఉన్న వైరస్ లేని దాత కోసం ఎదురుచూడడమంటే, ఆ ఎదురుచూపులోనే ప్రాణం మీదకు తెచ్చుకోవడం కావచ్చు. ‘తీసుకోవాలా’ అన్నదాని కంటే ‘తీసుకున్నాక రక్తంలో వైరస్ మోతాదు ఎన్నాళ్లకోసారి చూస్తారు, పెరిగితే ఏం చేస్తారు’ అన్న ప్రశ్నే ముందుగా అడగవలసింది. జతకుదరని గ్రహీతలకు మొదటి ఏడాది తరచుగా పీసీఆర్ పరీక్ష చేస్తారు. ఒకే అంకెకు కంగారు పడనక్కర్లేదు. వరుసగా పెరుగుతూ పోతుంటే మందుల మోతాదు తగ్గిస్తారు. ఒక ల్యాబ్ అంకెను మరో ల్యాబ్ అంకెతో పోల్చడం మోసపుచ్చుతుంది కాబట్టి, వీలైనంతవరకు ఒకేచోట చేయించుకోవాలి.

ముందుజాగ్రత్తగా యాంటీవైరల్ మాత్రలు వేసుకుంటే సరిపోదా?

వాల్‌గాన్‌సైక్లోవిర్ వంటివి సంఖ్య పెంచుకుంటున్న వైరస్‌పైనే పనిచేస్తాయి, బి-కణంలో నిద్రాణంగా ఉన్న ఈబీవీని అంటవు. ఈబీవీకి ఆమోదం పొందిన టీకా లేదు. హెపటైటిస్ బికి ఉంది, దాన్ని మార్పిడికి ముందే వేయించుకోవాలి. తర్వాత వేస్తే శరీరం సరిగ్గా స్పందించదు.

పీటీఎల్‌డీ వస్తే చికిత్స ఏమిటి?

మొదటి అడుగు రోగనిరోధక శక్తిని అణిచే మందులు తగ్గించడం. ఎంత తగ్గిస్తే టి-కణాలు మేల్కొంటాయో, ఎంత దాటితే అవయవం తిరస్కరణకు గురవుతుందో చూసుకుంటూ సాగే ఈ పని కత్తి మీద సామే. ఆరంభ దశలో కొందరికి ఇదొక్కటే సరిపోతుంది. లేకపోతే బి-కణాలను గురిపెట్టే రిటుక్సిమాబ్, అప్పటికీ తగ్గకపోతే కీమోథెరపీ ఇస్తారు. అవేవీ పనిచేయనివారికి, వేరే దాతల నుంచి తీసి ఈబీవీని గుర్తుపట్టేలా పెంచిన టి-కణాలతో తయారైన టాబెలెక్లూసెల్‌కు ఐరోపా సమాఖ్య 2022 డిసెంబర్‌లో అనుమతినిచ్చింది. కిడ్నీ గ్రహీతలకు మరో దారి కూడా ఉంది: అవసరమైతే మందులు పూర్తిగా ఆపి, కిడ్నీని వదులుకుని డయాలసిస్‌కు వెళ్లవచ్చు. గుండె, ఊపిరితిత్తుల గ్రహీతలకు ఆ వెసులుబాటు లేదు.

అదే దాత నుంచి అవయవాలు పొందిన మిగతావారి సంగతి?

ఒక దాత నుంచి ఎనిమిది మంది వరకు అవయవాలు పొందవచ్చు. వారిలో ఒకరికి దాత నుంచి వచ్చిందనిపించే జబ్బు బయటపడితే, ఆ సమాచారం అవయవాల కేటాయింపు సంస్థ ద్వారా మిగతా ఆసుపత్రులకు వెళ్లాలి. అందుకే మీకు ఏ లక్షణమూ లేకపోయినా ఏదో ఒక రోజు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చి, రక్తపరీక్షకు రమ్మనవచ్చు. అది మీకు క్యాన్సర్ ఉందన్న కబురు కాదు, కానీ వాయిదా వేయదగ్గ పిలుపూ కాదు.

ఇంట్లో వాళ్లకు నా నుంచి సోకుతుందా?

క్యాన్సర్ సోకదు. ఈబీవీ ఉమ్మి ద్వారా వ్యాపిస్తుంది కానీ మీ ఇంట్లో పెద్దవాళ్లలో చాలామందికి అది ఇదివరకే వచ్చి ఉంటుంది.

పీటీఎల్‌డీ వల్ల కిడ్నీ పోయింది. మళ్లీ మార్పిడి చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. జబ్బు పూర్తిగా తగ్గిన తర్వాత కనీసం ఏడాది ఆగాలని సాధారణంగా చెబుతారు. జబ్బు రకాన్ని బట్టి కొందరిని ఇంకా ఎక్కువ కాలం ఆగమంటారు. రెండోసారి ఒక అనుకూలత కూడా ఉంటుంది. మొదటిసారి ఈ వైరస్‌ను ఎరగని శరీరం ఇప్పుడు దాన్ని ఎరుగును, దానిపై టి-కణాలు తయారై ఉంటాయి. కాబట్టి రెండో దాతకు ఈబీవీ ఉన్నా అది తొలి పరిచయం కాదు.